విధవరాండ్రు చూపిన అంగీలు

వాక్యభాగము: అపొ. కార్యములు 9:36–42



యొప్పేలో దొర్కా మరణించినప్పుడు పేతురును మేడగదిలోనికి తీసికొనివచ్చిరి. అక్కడి విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె తమతోకూడ ఉన్న దినములలో కుట్టిన అంగీలను, వస్త్రములను అతనికి చూపిరి. ఆమె వయస్సెంతయో, ఆమె వంశమేదియో లేఖనము తెలుపలేదు. ఆమె చేతిపనిని మాత్రము మన కన్నులయెదుట ఉంచినది. ఒక విశ్వాసి జీవితమును ఎట్లు జ్ఞాపకము చేసికొనవలెనో ఈ నెల ఈ భాగమునుండి నేర్చుకొందము.

1. దూరమునుండి వచ్చిన చేతులు

మన పురానాపూల్ పేటనుండి దక్షిణముగా పోయినయెడల షంషాబాదు చేరుదుము. నేడు ఆ పేరు వినగానే విమానాశ్రయము మనస్సునకు వచ్చును. 1945 జనవరి 1వ తేదీని అచ్చట డాక్టరు కతరీనా షెల్లెన్‌బర్గ్ గారు ప్రభువునందు నిద్రించిరి. అప్పటికామెకు డెబ్బదినాలుగేండ్లు.

ఆమె 1870లో దక్షిణ రష్యాలో జన్మించి, 1879లో తలిదండ్రులతో అమెరికాకు వలసపోయి, గోధుమ పొలముల సీమయైన కాన్సాస్‌లో పెరిగిరి. వైద్యవిద్య ముగించి 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. మెన్నొనైట్ బ్రదరన్ సంఘము పంపిన మొదటి వైద్యురాలు ఆమెయే. వివాహము చేసికొనలేదు. ఆ దినములలో ఘోషా పాటించు స్త్రీలు ప్రసవవేదనలోనైనను పరపురుషుడైన వైద్యునికి కనబడుటకు ఒప్పుకొనెడివారు కారు. అట్టివారికి స్త్రీ వైద్యురాలి చేయియే ఆధారము. ముప్పదియేడేండ్లు ఆమె ఈ సీమకు ఇచ్చిన అంగీ అదియే.

2. పేరు వ్రాయబడనివారు

ఏ వైద్యురాలును ఒంటరిగా ఆసుపత్రి నడుపలేదు. నీళ్లు కాచిన తల్లులు, గుడ్డలు ఉతికినవారు, రోగి మంచముప్రక్కన రాత్రి మేలుకొన్న నర్సులు, ఇంటింటికి నడిచిన బైబిలు స్త్రీలు ఉండిరి. వారు మన తెలుగు సంఘముల స్త్రీలే. దొరసానుల పేర్లు గ్రంథములలో నిలిచినవి. వీరిలో అనేకుల పేర్లు ఏ నివేదికలోను లేవు. పౌలు రోమా పత్రిక 16వ అధ్యాయములో ప్రయాసపడిన స్త్రీలను పేరు పేరున తలంచెను గదా! మనము మాత్రము ఏల మరచితిమి?

3. మనకు మిగిలిన పని

మన పాత వంతెనను చూడుడి. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టబడిన ఆ వంతెన 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరదకు సహితము కూలిపోలేదు. కట్టించిన ప్రభువు పేరు చరిత్ర చెప్పును. రాళ్లు మోసినవారి పేర్లు అడిగినవారు లేరు. మన సంఘములోని వృద్ధ తల్లులు అట్టివారే. వారి వీపులమీద నడిచియే మనము ఈ దరికి చేరితిమి.

వారు బ్రదికియుండగా వెనుక బల్లమీద కూర్చుండబెట్టి, సమాధి కార్యక్రమమునాడు పూలదండ తెచ్చి, ఆమె గొప్ప ప్రార్థనాపరురాలని చెప్పుట మనకు వాడుకయైనది. ఆ మాట ఆమె చెవిని ఎన్నడైన పడెనా? దొర్కా తిరిగి లేచి తన స్నేహితురాండ్రను చూచెను. మన తల్లులు పునరుత్థానదినమువరకు లేవరు. గనుక అంగీలు ఇప్పుడే చూపుదము. ఈ నెల ప్రతి కుటుంబము ఒక వృద్ధురాలియింటికి పోయి, ఆమె జీవితమును ఆమె నోటనే విని, పేర్లతోకూడ వ్రాసి పెట్టవలెనని మేము కోరుచున్నాము. పోవునప్పుడు ఆమె మందుల సంగతియు, వంటింటి సంగతియు విచారింపుడి.

ధ్యానించుటకు:
(1) మనకు మొదట ప్రార్థన నేర్పినదెవరు? ఆమె పూర్తి పేరు మన పిల్లలకు తెలియునా?
(2) మన చేతిపనిలో ఏది రేపు ఒకరి చేతిలో మిగులును?

ప్రార్థన: ప్రభువా, మా వృద్ధ తల్లులను బట్టి నీకు స్తోత్రము. వారు మా మధ్య ఉండగానే వారిని ఘనపరచు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.