నిశ్శబ్దము సంగీతమగునా?

నాదమే గానమునకు మూలమని సంగీతశాస్త్రము చెప్పును. అట్లయిన నాదము లేని క్షణమును గానమని పిలువవచ్చునా? ఈ ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే పుట్టినది కాదు. సోమవారపు భజన జరుగు ఇండ్లలో వెనుక వరుసను ఒక వృద్ధుడో వృద్ధురాలో కూర్చుండుట కలదు. ఒకప్పుడు ముందుండి పల్లవి ఎత్తుకొన్న కంఠము ఇప్పుడు పలుకదు. పెదవి కదలదు. కన్నులు మూసికొని వినుట మాత్రమే మిగిలినది. ఆ పెద్దలు భజన చేసినవారా, లేక భజన చూచి పోయినవారా? మౌనమునకు గానములో చోటున్నదో లేదో తేలినగాని ఈ మాటకు ఉత్తరము దొరకదు.

తాళములోని మౌనము

తాళము వేయు చేతిని గమనించినచో మొదటి పాఠము లభించును. ప్రాచీనులు తాళక్రియలను రెండు విధములుగా విభజించిరి. చప్పుడు గలది సశబ్దక్రియ. చప్పుడు లేనిది నిశ్శబ్దక్రియ. సంగీతము నేర్చు పిల్లలందరికిని తెలిసిన ఆదితాళమునే తీసికొనవచ్చును. అందు ఒక లఘువు, రెండు ద్రుతములు, మొత్తము 8 అక్షరములు. లఘువునందు ఒక దెబ్బ, పిదప మూడు వ్రేళ్ల లెక్క. ప్రతి ద్రుతమునందును ఒక దెబ్బ, ఒక విసర్జితము. విసర్జితమనగా అరచేతిని వెలికిలగా త్రిప్పుట. ఈ ఎనిమిదింటిలో దెబ్బ పడునవి 3 మాత్రమే. తక్కిన 5 అక్షరములు దెబ్బ లేకయే గడచును. అయినను ఆదితాళము మూడక్షరములదని ఎవరును చెప్పరు. మ్రోగనివి కూడ లెక్కలోనివే.

హిందుస్తానీ పద్ధతిలో తీన్‌తాల్‌కు 16 మాత్రలు, నాలుగు భాగములు. 9వ మాత్రకు ‘ఖాలీ’ అని పేరు. వట్టిది అని దాని అర్థము. అచట చేయి చరవక గాలిలో విడుతురు. ఆ వట్టి చోటు గుర్తుగా నుండుటచేతనే గాయకుడు తిరిగి మొదటి మాత్రకు తప్పక చేరుకొనును. త్యాగరాజస్వామి కృతులలో దేశాది తాళపు నడక గలవి పెక్కులున్నవి. వానిని ఆదితాళమున వేసి పాడునపుడు ఒకటిన్నర అక్షరము గడచిన పిదపగాని పాట ఎత్తుకొనరు. చేయి ముందు కదలును, కంఠము ఆగియుండును. ఆ ఆగుట కూడ కృతిలోని భాగమే.

ఇందు ఒక భేదమును గ్రహింపవలెను. ఇద్దరు గాయకులు పాట నడుమ ఆగిరనుకొనుడు. ఒకడు సాహిత్యము మరచి ఆగెను. రెండవవాడు విశ్రాంతికై ఆగెను. ఇద్దరి నోటను శబ్దము లేదు. కాని మొదటివాని చేయి తడబడును, రెండవవాని చేయి తాళము తప్పదు. వినువారికి తేడా వెంటనే తెలియును. మొదటిది లోపము, రెండవది గానము. కావున శబ్దము లేకుండుట ఒక్కటే చాలదు. ఆ మౌనమునకు మితి యుండవలెను, ఎరుక యుండవలెను.

అడవిలోని సభ

అమెరికా దేశపు సంగీతకర్త జాన్ కేజ్ (1912–1992) ఈ విచారమును కొనవరకు తీసికొనిపోయెను. 1946లో గీతా సారాభాయి అను భారతీయ యువతి న్యూయార్కు చేరి, ఆయనకు భారతీయ సంగీతము నేర్పి, ఆయన వద్ద పాశ్చాత్య సంగీతము నేర్చుకొనెను. సంగీత ప్రయోజనమేమని ఆయన అడుగగా, మనస్సును నిశ్చలము చేసి దివ్యప్రభావములకు పాత్రముగా నొనర్చుటయని తన గురువు చెప్పిన భావమును ఆమె తెలిపెను. ఆ మాట ఆయనను జీవితాంతము వెన్నంటినది.

1952 ఆగస్టు 29న న్యూయార్కు రాష్ట్రములోని వుడ్‌స్టాక్ చెంత, అడవి నడుమనున్న ఒక సభాశాలలో ఆయన రచన ప్రదర్శింపబడెను. డేవిడ్ ట్యూడర్ అను విద్వాంసుడు పియానో ముందు కూర్చుండి మెట్లపై మూత వేసెను; గడియారము చూచుచు ఒక్క స్వరమైనను వాయింపక యుండెను. రచనకు మూడు భాగములు: 33 సెకనులు, 2 నిమిషముల 40 సెకనులు, 1 నిమిషము 20 సెకనులు. మొత్తము 4 నిమిషముల 33 సెకనులు. అదియే దాని పేరు. సభికులలో పలువురు కోపించిరి. కాని ఆ వేళ బయట గాలి వీచినది, కప్పుపై చినుకులు పడినవి, చివరకు జనుల గుసగుసలు వినబడినవి. అవియే ఆనాటి సంగీతమని కేజ్ చెప్పెను.

అంతకుముందు 1951 ప్రాంతమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ప్రతిధ్వని రాని గదిలో ప్రవేశించి, అచటను తన దేహములోని ధ్వనులను వింటినని ఆయన చెప్పియుండెను. ప్రాణమున్నంతవరకు పూర్ణ నిశ్శబ్దము లేదని ఆయన తెలిసికొనిన సత్యము. కనుక ఆ రచనలో ఆయన చూపినది శూన్యమును కాదు, వినికిడిని. ఎవడైనను ఊరక కూర్చుండి కచేరీ చేసితినని చెప్పుకొనవచ్చునా అని ఆక్షేపింతురు. చెప్పుకొనరాదు. అచట మితి యున్నది, విన కూడిన సభ యున్నది. ఊరక కూర్చుండువానికి ఆ రెండును లేవు.

అనాహతము

13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానమున నున్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. అందు ఆయన నాదమును ఆహతము, అనాహతము అని విభజించెను. తగులుటచే పుట్టునది ఆహతము. తగులకయే యున్నది అనాహతము. అనాహతము యోగులకు ముక్తినిచ్చునదే గాని, జనులను రంజింపజేయదని చెప్పి, శాస్త్రమును ఆహతనాదము పైననే నడపెను. ఇది మెచ్చదగిన నిజాయితీ. పరమమైన మౌనము గొప్పది కావచ్చును; అంతమాత్రమున దానిని పాట యని పిలువ నక్కరలేదు. పాటలో అంగమగు మౌనము వేరు, పాట చేరవలసిన మౌనము వేరు. అల్లమప్రభువు బయలని చెప్పినది ఈ రెండవదానికి చేరువ.

జపము, పాట

వీరశైవ గృహములలో దీనికి సమీపమైన ఉదాహరణము నిత్యము కనబడును. పైకి వినబడునది వాచికజపము, పెదవులలో నడచునది ఉపాంశువు, మనస్సులో మాత్రమే సాగునది మానసము. కరపీఠమున ఇష్టలింగమును నిలిపి దృష్టిని దానియందుంచి పంచాక్షరిని మనస్సున జపించు భక్తుని చూచి, ఇతడు జపము చేయుట లేదని ఎవరందురు? శబ్దము లేకున్నను జపము కలదు, ఎరుక కలదు గనుక. ఎరుక తొలగినచో మాల తిరుగుచున్నను జపము లేదు.

ఇచట ఒక సందేహము కలుగును. మితి ముఖ్యమైనచో, తాళమెరుగనివాని గతి యేమి? బసవేశ్వరుడే ఒక వచనమున తాళముల లెక్కలు, గణముల నియమములు తనకు తెలియవని కూడలసంగమదేవునకు నివేదించుకొని, భక్తి కొలదియే తన పాట యని భావించెను. వేరొక వచనమున తన దేహమునే వీణగా చేసి వాయింపుమని వేడెను. శాస్త్రములోని లెక్క రాకున్నను భక్తుని గానము గానమే యని మొదటి వచనము ధైర్యమిచ్చును. రెండవది ఇంకను లోతైనది. వీణ తనంత తాను పలుకదు. మీటు వ్రేలికై వేచియుండును. తంత్రి బిగువుగా శ్రుతిలో నున్నపుడు, మ్రోగని వేళ కూడ అది వీణయే. తంత్రి సడలినపుడు అది కొయ్య.

ఇపుడు వెనుక వరుసలోని వృద్ధుని చెంతకు మరలవచ్చును. ఆయన ఒడిలోని వ్రేళ్లు ఒకదాని తరువాత ఒకటి మెల్లగా కదలుచున్నవి. పల్లవి తిరిగి వచ్చుచోట ఆయన తల ఒకింత వంగును. ముందు వరుసలోని యువకుడు గొంతెత్తి పాడుచు, నడుమ చరణము మరచి ప్రక్కవానిని చూచును. ఆ చరణము వృద్ధుని లోపల తప్పక నడచుచునేయున్నది. ఆ భజనలో ఆయన పాలు తక్కువదని చెప్పుటకు వీలులేదు.

కావున నిశ్శబ్దము తనంత తాను సంగీతము కాదు. ఎరుకతో నిలుపబడిన నిశ్శబ్దము సంగీతమునకు అంగము. భజన ముగిసి మంగళము పాడుటకు ముందు, చేతులు ఆపకుండ నోళ్లు మాత్రము ఆపి, ఒక్క ఆవర్తము గడపి చూడుడు. ఎనిమిది అక్షరములు చాలును. ఆ ఒక్క ఆవర్తమున పాడగలవాడును పాడలేనివాడును సమానులగుదురు.