ఫోటోల గిడ్డంగి నిండినప్పుడు రైతు చేయదగిన పని

"స్టోరేజీ నిండినది" అను అక్షరములు ఫోను తెఱపై కనబడగానే మన సభ్యులలో పెక్కుమంది చేయు పని యొకటి కలదు. ఫోటోల పెట్టె తెఱచి, అడుగునకు పోయి, అన్నిటికంటె పాతవానిని ముందుగా చెఱిపివేయుదురు. గాదెలో పాతగింజను ముందు తీయుట మన యలవాటు గనుక ఇదియు న్యాయముగనే తోచును. కాని ఫోటోల విషయమున ఈ యలవాటు నష్టమునే తెచ్చును. నేను స్వయముగా నష్టపడినవాడను గనుక ఈ సంగతి కొంత నిడివిగనే వ్రాయుచున్నాను.

మన ఫోటోలుండు తావులు రెండు. ఒకటి చేతిలోని ఫోను, రెండవది క్లౌడు. క్లౌడనగా మేఘమని యర్థమే గాని ఆకాశమున నేమియు లేదు. కంపెనీలవారు కట్టిన పెద్ద భవనములలో వరుసగా నిలిపిన కంప్యూటరులే ఆ మేఘము. గుంతకల్లు మెట్టరైతునకు మేఘమన్న మాటయందు నమ్మకము తక్కువ గనుక దీనిని గిడ్డంగి యని తలచుడు. ఫోను ఇంటిలోని గాదె. క్లౌడు ఊరవతలి గిడ్డంగి. మనము తీసిన ఫోటో మొదట గాదెలో పడును. ఇంటర్నెట్టు దొరికినప్పుడు దాని నకలు గిడ్డంగికి చేరును. ఈ చేరుటనే బ్యాకప్ అందురు.

గాదె నిండిన జాడ వేఱు, గిడ్డంగి నిండిన జాడ వేఱు. ఫోను నిండినచో కెమెరా క్రొత్త ఫోటోను నిలుపుకొనజాలదు, వెంటనే తెలిసిపోవును. క్లౌడు నిండినచో కెమెరా ఎప్పటివలెనే పనిచేయును, ఫోటో ఫోనులో కనబడుచునే యుండును, నకలు మాత్రము గిడ్డంగికి పోదు. ఆ ఫోను బావిలో పడినను, సంతలో పోయినను ఆ ఫోటో దానితోడనే పోవును. ఇది చప్పుడులేని నష్టము.

మన ప్రాంతమున నెక్కువమంది వాడు ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ గిడ్డంగి గూగుల్‌వారిది. ఖాతా యొక్కింటికి 15 జీబీ చోటు ఉచితముగా నిత్తురు. ఆ 15 జీబీ ఒక్క ఫోటోలకే కాదు. జీమెయిల్ ఉత్తరములు, డ్రైవులోని పత్రములు, ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నియు అందులోనే సర్దుకొనవలెను. నలుగురన్నదమ్ములకు ఒకే గాదె యన్నట్లు. కావున ఫోటోలు నింపిన దోషమునకు ఉత్తరములు శిక్ష ననుభవించును: చోటు పూర్తిగా నిండినపిమ్మట జీమెయిల్‌కు క్రొత్త ఉత్తరములు రావు. బ్యాంకువారో బీమావారో పంపిన జాబు తిరిగి వారికే పోవును. రాలేదని మనకు తెలియనైనను తెలియదు. 2 సంవత్సరములు పరిమితిని మించియే యున్నచో అందలి సరకును తీసివేయుటకు గూడ కంపెనీవారి నిబంధనలు వారికి హక్కు నిచ్చుచున్నవి.

ఇక ఏది యెంత చోటు మ్రింగునో లెక్క చూతము. కెమెరాతో తీసిన ఫోటో సాధారణముగా 3, 4 ఎంబీ లుండును. వేయి ఎంబీలు సుమారొక జీబీ. ఆ లెక్కన 15 జీబీలో 4,000 ఫోటోలు పట్టును. వీడియో సంగతి వేఱు. మామూలు స్పష్టతతో తీసిన వీడియో నిమిషమునకు 100 ఎంబీ పైచిలుకు. అనగా ఒక్క నిమిషపు వీడియో ముప్పది ఫోటోల చోటు తినును. రెండుగంటల వీడియో మొత్తము గిడ్డంగిని నింపివేయును. కసాపురమున శ్రావణ శనివారమునాడు జనసమ్మర్దమును అరగంటసేపు పట్టినవాడు తన చోటులో నాలుగవ పాలును ఆనాడే ఖర్చుపెట్టినాడన్నమాట!

ప్రతి ఉదయము వచ్చు "శుభోదయము" బొమ్మలపైనే మనవారి కోపమంతయు. వాట్సాప్ ఫోటోను కుదించి పంపును గనుక ఆ బొమ్మ యొకటి ఎంబీలో అయిదవ వంతు కూడ నుండదు. అట్టివి వేయింటిని ఏఱి ఏఱి చెఱిపినను దక్కునది రెండు నిమిషముల వీడియో చోటు. విసుగు తీఱును గాని గిడ్డంగి తీఱదు.

ఇప్పుడు పాతఫోటోల సంగతి. 2021 జూన్ 1వ తేదీకి ముందు, "హై క్వాలిటీ" అను పద్ధతిలో గూగుల్ ఫోటోస్‌కు చేరిన ఫోటోలను, వీడియోలను ఆ కంపెనీవారు 15 జీబీ లెక్కలో వేయలేదు, నేటికిని వేయుటలేదు. ఆ తేదీ తరువాత చేరినవి మాత్రమే లెక్కలోనికి వచ్చును. ("ఒరిజినల్ క్వాలిటీ" పద్ధతిలో చేరినవి అంతకుముందువైనను లెక్కలోనివే.) ఈ నిబంధన నాకు తెలియదు. ఒకనాడు స్టోరేజీ నిండెనని, క్రింది అంచునుండి మొదలిడి, 2018వ సంవత్సరపు ఫోటోలను ఆఱువందల దాక చెఱిపితిని. బిన్ను, అనగా చెత్తబుట్టను గూడ ఊడ్చితిని. కొలత చూడగా వెంట్రుకవాసియైనను తగ్గలేదు! ఫోను చెడినదనుకొంటిని. పిమ్మట విసిగి మూడు పెండ్లి వీడియోలు తీసివేయగా కొలత గభాలున దిగినది. కారణము కొన్ని నెలలకు తెలిసెను. చెఱిపిన వానిలో మా నాన్న వేరుశనగ చేలో గుంటక తోలుచుండగా తీసిన ఫోటో యొకటి యున్నది. ఆయన పనిచేయుచుండగా తీసినది అదొక్కటియే. ఉరవకొండలోని చెల్లెలి ఫోనున దాని వాట్సాప్ నకలు దొరకినది గాని, కుదించినది యగుటచే పెద్దదిచేసిన ముఖము అలికినట్లుండును. అరగింజ చోటైనను దక్కించుకొనక ఆ ఫోటోను పోగొట్టుకొంటిని.

కావున పాతవానిని ముట్టుటకు ముందు పరీక్షింపుడు. గూగుల్ ఫోటోస్‌లో ఫోటోను తెఱచి వ్రేలితో పైకి జరిపినచో వివరములు కనబడును. ఖాతా స్టోరేజీలో చోటు తీసికొనుట లేదని అందు వ్రాసియున్నచో దానిని చెఱుపుటవలన గిడ్డంగిలో కలిసివచ్చున దేమియు లేదు.

రెండవ పొరపాటు ఇంతకంటె ప్రమాదకరమైనది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోను "డిలీట్" చేసిన యెడల అది ఫోనునుండియు పోవును, క్లౌడునుండియు పోవును. గాదెకును గిడ్డంగికిని తాళపుచెవి ఒక్కటే. "క్లౌడులో నున్నది గదా, ఫోనులో తీసివేసెద" నని ఆ చోటనే డిలీట్ నొక్కువారు రెండింటిని ఒక్క దెబ్బతో ఖాళీ చేసికొందురు. ఫోనులో మాత్రమే చోటు కావలసినవారికి "ఫ్రీ అప్ స్పేస్" అను వేఱొక మీట కలదు. అది గిడ్డంగికి చేరిన వానిని మాత్రమే ఫోనునుండి తీయును, చేరనివానిని ముట్టదు. అయితే దీనివలన క్లౌడు చోటు ఒక్క ఎంబీయైనను మిగులదు. మనకు నిండినది గాదెయా, గిడ్డంగియా అని ముందు చూచుకొనుమనుట ఇందులకే. ఐఫోను వాడువారికి ఐక్లౌడ్‌లో ఉచితపు చోటు 5 జీబీ మాత్రమే. ఐక్లౌడ్ ఫోటోస్ వాడుచున్నవారు ఒకచోట చెఱిపిన అన్నిచోట్లను చెఱుగును. 30 దినములు "రీసెంట్లీ డిలీటెడ్" అను పెట్టెలో నిలుచును.

గిడ్డంగిలో చోటు కావలసినవారు గూగుల్ ఫోటోస్‌లో తమ ఖాతాబొమ్మను నొక్కి, సెట్టింగులలోని బ్యాకప్ విభాగమున "మేనేజ్ స్టోరేజ్" అను దానిని తెఱవుడు. పెద్ద ఫోటోలు, వీడియోలు ఒకచోట, మసకబారినవి ఒకచోట, స్క్రీన్‌షాట్లు ఒకచోట వేఱుపఱచి చూపును. పెద్దవానితో మొదలుపెట్టుడు. మొదటి పది వీడియోలతోనే సగము పని తీఱుట నేను చాలమంది ఫోనులలో చూచితిని. కావలసిన వీడియో యైనచో ముందుగా కంప్యూటరునకో పెన్‌డ్రైవునకో ఎక్కించి, అక్కడ తెఱచి ఆడించి చూచి, పిమ్మటనే చెఱుపుడు. ఎక్కినదని అనుకొనుట వేఱు, ఎక్కుట వేఱు.

తరువాత వాట్సాప్. దాని సెట్టింగులలో "చాట్ బ్యాకప్" నందు వీడియోలను చేర్చు మీట కలదు, దానిని ఆపుడు. వచ్చిన ప్రతి బొమ్మ తనంతట ఫోనులో దిగకుండ ఆటో డౌన్‌లోడును గూడ ఆపవచ్చును. గూగుల్ ఫోటోస్‌లో ఏయే ఫోల్డరులు బ్యాకప్ కావలయునో ఎన్నుకొను చోట వాట్సాప్ ఫోల్డరులు తెఱచియున్నచో మూయుడు. ఇన్‌ఫ్లో ఆగనిది గాదె నెన్నిమార్లు ఊడ్చినను ఫలమేమి?

ఇంకొక యుపాయము ఫోటోల కుదింపు. "స్టోరేజ్ సేవర్" పద్ధతి నెన్నుకొన్నచో ఇకమీద చేరు ఫోటోలు కుదించబడి చేరును. ఒరిజినలుగా ముందే చేరినవానిని గూడ కంప్యూటరునుండి ఈ పద్ధతికి మార్చవచ్చును. ఇది వేరుశనగ కాయలను ఒలిచి పప్పుచేసి నింపుట వంటిది: సరకదియే, చోటు తక్కువ. పండుగ ఫోటోలకు, పిల్లల ఫోటోలకు ఇది చాలును, భేదము కంటికానదు. కాని విత్తనపు కాయను మనము ఒలిచి నిలువచేయము. విత్తుటకు ముందే ఒలుతుము. అట్లే పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, రసీదులు, పంటనష్టపు ఫోటోలు ఒరిజినలుగానే ఒక పెన్‌డ్రైవులో వేఱుగా నుంచుట మంచిదని నా యభిప్రాయము. ఒకసారి ఒలిచిన కాయను మరల మూయజాలము గదా.

పంటనష్టపు ఫోటోల విషయమున ఒక మాట. 2016లో వచ్చిన ఫసల్ బీమా పథకపు నిబంధనలలో, దానికి చేరిన పంటలకు వడగండ్ల వంటి స్థానిక విపత్తు కలిగిన 72 గంటలలోపల తెలుపవలెనని యున్నది. ఆ మూడు దినములలో ఫోను నిండి కెమెరా ఆగినచో ఎవరిని నిందింతుము? వానకాలమునకు ముందే చోటు చేసికొనుడు. తీసిన ఫోటోను వాట్సాప్‌లో పంపి, అసలుదానిని చెఱిపివేయకుడు. మామూలుగా పంపిన నకలులో స్పష్టత తగ్గుటయే గాక, ఫోటోలో దాగియుండు తేదీ, స్థలము గుర్తులు గూడ పోవును. "డాక్యుమెంటు"గా పంపినచో అవి నిలుచును.

డబ్బు చెల్లించి ఎక్కువ చోటు తీసికొనవచ్చును. వ్యాపారమున్నవారికి తగును. కాని అది నెలనెలా తప్పని బాడుగ. మానిననాడు చోటు మరల 15 జీబీకే వచ్చును. ఊడ్చిచూడకముందే బాడుగకు పోవలదని మాత్రము చెప్పుదును.

చెఱిపిన బ్యాకప్ ఫోటోలు బిన్నులో 60 దినములుండి పిమ్మట తామే పోవును. ఈలోపల తిరిగి తీసికొనవచ్చును. చోటు వెంటనే కావలెనన్నచో బిన్నును మనమే ఖాళీ చేయవలెను. ఖాళీ చేయుటకు ముందు ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అందున్న వానిని ఒక్కసారి వారికి చూపుడు. ఆనాడు మా యమ్మ చూచియుండిన, గుంటక తోలుచున్న నాన్న నా ఫోనులో నేటికిని ఉండెడివాడు.