పెద్దవారి నీరసం: వయసు వల్లే అని వదిలేయకండి

"డెబ్బై దాటాయి కదా సిస్టర్, ఇక నీరసం మామూలే" అని వార్డులో చాలామంది అంటుంటారు. కాని వయసు మీద పడటం వేరు, శరీరం డీలా పడటం వేరు. ఎనభైలో కూడా తమ పనులు తాము చేసుకునేవారున్నారు. అరవై అయిదుకే మంచం పట్టినవారూ ఉన్నారు. కండ, సత్తువ తగ్గి, చిన్న జ్వరాన్ని కూడా తట్టుకోలేని స్థితిని డాక్టర్లు 'ఫ్రెయిల్టీ' అంటారు.

గుర్తించడం ఎలా?

2001లో అమెరికాలో డాక్టర్ లిండా ఫ్రీడ్ బృందం అయిదు గుర్తులు చెప్పింది:

1. కారణం లేకుండా ఏడాదిలో 4.5 కిలోలు లేక అంతకుమించి బరువు తగ్గడం
2. ఏ పనికైనా అలసిపోవడం
3. చేతి పట్టు తగ్గడం
4. నడక నెమ్మదించడం
5. రోజువారీ పనులు, తిరగడం తగ్గిపోవడం

వీటిలో మూడు ఉంటే ఫ్రెయిల్టీ. ఒకటి, రెండు ఉంటే అది ముందు దశ. అప్పుడే జాగ్రత్తపడితే తిరిగి కోలుకునే అవకాశం ఎక్కువ.

ప్రేమతో మంచానికి కట్టేయకండి

డిశ్చార్జి అయ్యాక "నువ్వు లేవకు అమ్మా" అని అన్నీ మంచం దగ్గరికే అందిస్తాం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులే 10 రోజులు మంచం మీద ఉంటే కాళ్ళలో సుమారు ఒక కిలో కండ తగ్గిందని 2007లో ఒక పరిశోధనలో తేలింది. జబ్బుపడిన వారి సంగతి వేరే చెప్పాలా?

ఇంట్లో ఏం చేయాలి?

* డాక్టరు వద్దంటే తప్ప, మీరు పక్కనుండి రోజూ కొంచెం నడిపించండి. గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవడం అయిదారుసార్లు చేయించండి.
* జావ, బ్రెడ్డుతో సరిపెట్టకండి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప పూటపూటకూ ఏదో ఒకటి ఉండాలి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడిగి పెట్టండి.
* చెకప్‌కు వచ్చేటప్పుడు వాడే మందులన్నీ తీసుకురండి. కొన్ని మందుల వల్ల కూడా మగత, తూలుడు వస్తాయి.
* కంటిచూపు, పళ్ళు పరీక్ష చేయించండి. రాత్రి బాత్‌రూమ్ దారిలో లైటు ఉంచండి.

నిన్నటిదాకా బాగున్నవారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, లేవలేకపోయినా, పడిపోయినా "వయసు" అనుకుని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.