పేనుబంకను గుర్తుపట్టడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు పెరటి మొక్కల మీద పేనుబంకను గుర్తుపట్టగలుగుతారు. దాన్ని పోలిన ఇతర పురుగుల నుంచి వేరు చేయగలుగుతారు. దాన్ని తినే మేలు పురుగులను కాపాడుకోగలుగుతారు.

1. చీమలు ఎందుకు వచ్చాయి?

చలికాలంలో చిక్కుడు పాదు పూతకు వచ్చే వేళ తీగల మీద చీమల బారు కనిపిస్తుంది. "పాదుకు చీమలు పట్టాయి" అని చాలామంది చీమల మందు చల్లుతారు. నిజానికి చీమలు చిక్కుడు ఆకును తినడానికి రాలేదు. అవి ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. అక్కడి లేత కొననో, పూగుత్తి కాడనో, ఆకు అడుగుభాగాన్నో పరిశీలించండి. ఆవగింజల్లా నల్లగా మెరుస్తూ గుంపుగా అంటుకుని ఉన్నవే పేనుబంక పురుగులు. ఇవి సూది వంటి నోటితో మొక్క రసాన్ని పీలుస్తాయి. రసంలో తీపి ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అందుచేత మిగులు తీపిని బంకలా విసర్జిస్తాయి. చీమలు వచ్చేది ఆ బంక కోసమే. బంక పడిన ఆకుల మీద కొన్నాళ్లకు నల్లని మసి వంటి బూజు పెరుగుతుంది.

2. దగ్గరగా చూస్తే

భూతద్దం ఉంటే మంచిది. లేకపోతే మంచి వెలుతురు చాలు. పురుగు 1 నుంచి 3 మిల్లీమీటర్ల పొడవు, మెత్తని శరీరం, వెనుకవైపు లావుగా జామకాయ ఆకారం. ఆరు కాళ్లు, పొడుగాటి మీసాలు ఉంటాయి. అసలు గుర్తు వెనుక భాగాన ఉంటుంది: పొగగొట్టాల్లా రెండు చిన్న గొట్టాలు. బంక వీటి నుంచే వస్తుందని కొందరు అనుకుంటారు. అది సరికాదు, బంక మలద్వారం నుంచి వస్తుంది. శత్రువు పట్టుకున్నప్పుడు తోటి పురుగులను హెచ్చరించే వాసన ఈ గొట్టాల నుంచి వెలువడుతుంది. గుంపు మధ్య తెల్లని పొట్టు వంటివి కనిపిస్తే అవి పిల్ల పురుగులు విడిచిన చర్మాలు.

రంగును నమ్ముకోకండి. చిక్కుడు, అలసంద మీద నలుపు. బెండ, వంగ మీద పసుపుపచ్చ నుంచి ముదురాకుపచ్చ వరకు. జిల్లేడు, గన్నేరు మీద నల్లని కాళ్లున్న నిండు పసుపు. ఈ పసుపు రకం ఎక్కువగా పాలుకారే ఆ జాతి మొక్కలనే ఆశ్రయిస్తుంది, కూరపాదుల గురించి భయపడనక్కరలేదు.

రెక్కలు లేని ఆడపురుగులు మగపురుగుతో పని లేకుండానే పిల్లలను పెడతాయి. గుంపు ఇరుకైతే రెక్కల పురుగులు పుట్టి వేరే మొక్కలకు ఎగిరిపోతాయి. వీటితో వైరస్ తెగుళ్లు కూడా వ్యాపిస్తాయి. బొప్పాయి మీద పేనుబంక సాధారణంగా కాపురం పెట్టదు. అయినా వచ్చి ఒకసారి రుచి చూసి పోయినా చాలు, ఉంగరపు మచ్చ తెగులు అంటుకోవచ్చు.

3. పోలికలు

బంక, చీమలు కనిపించినంత మాత్రాన పేనుబంకే అనుకోరాదు. పిండినల్లి, తెల్లదోమ కూడా బంకను విసర్జిస్తాయి. కొమ్మను కదపండి. తెల్లని చిన్న దోమలు గుప్పున లేస్తే అది తెల్లదోమ. పక్కకు నడుస్తూ గెంతేది పచ్చదోమ. దూదిలాంటి తెల్లని పూత ఉన్నది పిండినల్లి. పేనుబంక మాత్రం కదిపినా చాలావరకు అక్కడే ఉంటుంది.

4. చంపకూడనివి

గుంపు మధ్య నల్లగా, ముదురు బూడిదరంగులో, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకే పురుగు కనిపిస్తే చాలామంది ముందు దాన్నే నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల. తల్లి ఎర్రగా గుండ్రంగా ఉంటుంది కనుక తల్లిని గుర్తుపడతాం, పిల్లను గుర్తుపట్టం. రెండూ పేనుబంకను తింటాయి. ఉబ్బి, గోధుమరంగులో గట్టిపడిన పేనుబంక పురుగుల లోపల చిన్న కందిరీగ జాతి పురుగు పెరుగుతూ ఉంటుంది. వాటినీ వదిలేయండి.

గుంపు చిన్నదైతే వేళ్లతో నలపండి, లేదా ఆ కొనను తుంచి పారేయండి. నీటిని గట్టిగా చిమ్మినా రాలిపోతాయి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా చల్లండి. వారానికోసారి చూసి అవసరమైతే మళ్లీ చల్లండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పేనుబంకను గుర్తుపట్టడానికి అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఏది?
2. వంగ ఆకు మీద బంక ఉంది, చీమలు ఉన్నాయి. కొమ్మ కదిపితే తెల్లని దోమలు లేచాయి. అది పేనుబంకేనా? ఎందుకు?
3. మీ ఇంటి దగ్గరి జిల్లేడు మొక్కను పరిశీలించి, అక్కడ కనిపించిన పురుగుల బొమ్మ గీసి, ఏది ఏమిటో పేర్లు రాయండి.