కానరాని వాయువు - కాపాడే గొట్టం

పాఠ్యభాగ ఉద్దేశం
నిత్యం వాడే పరికరాల వెనుక ఉన్న శాస్త్రసూత్రాన్ని గ్రహించడం, ప్రమాద నివారణలో చిన్న జాగ్రత్తకున్న విలువను గుర్తించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం
కారు బ్యాటరీ అనగానే ఇంజను పక్కన ఉండే నల్లని పెట్టె మనకు స్ఫురిస్తుంది. అయితే అన్ని కార్లలోనూ దాని స్థానం అది కాదు. 1959లో ఇంగ్లండులో వెలువడిన మినీ కారులో బ్యాటరీని వెనుకనున్న డిక్కీలో అమర్చారు. బి.ఎం.డబ్ల్యు. సంస్థ తయారుచేసిన పలు కార్లలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. బరువైన బ్యాటరీని వెనుకకు మార్చితే ముందు చక్రాల మీది భారం తగ్గుతుంది. ఇంజను వేడిమి కూడా దానికి అంతగా సోకదు. ఈ మార్పులో మేలున్నట్లే బాధ్యత కూడా ఉన్నది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు బ్యాటరీని రూపొందించాడు. నేటి పన్నెండు వోల్టుల కారు బ్యాటరీలో ఆరు అరలుంటాయి. వాటిలో సీసపు పలకలు, సజల గంధకామ్లం ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా నిండిన తరువాత కూడా విద్యుత్తును పంపితే, ఆ విద్యుత్తు అందులోని నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. హైడ్రోజనుకు మన భాషలో ఉదజని అని పేరు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో దాని పాలు నూటికి 4 నుండి 75 వరకు ఎంత ఉన్నా, చిన్న నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది. నివురుగప్పిన నిప్పును వేడిని బట్టి అయినా పసిగట్టవచ్చు. ఉదజనికి ఆ ఆనవాలు కూడా లేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. నిండిన బ్యాటరీలోకి 5 ఆంపియర్ల విద్యుత్తు ఒక గంటసేపు ప్రవహిస్తే, ఆరు అరల నుండి సుమారు పన్నెండున్నర లీటర్ల ఉదజని వెలువడుతుంది. 300 లీటర్ల డిక్కీలో నూటికి నాలుగు పాళ్లంటే 12 లీటర్లే! ఇంజను గదిలోనైతే కింది నుండి గాలి ఆడుతుంది. మూసిన డిక్కీలో వాయువు పోవడానికి తగిన దారి లేదు.

ఎంతోకాలం కదలక నిలిచిన కారు బ్యాటరీకి యజమాని రాత్రి ఛార్జరు తగిలించి డిక్కీ మూశాడనుకొందాం. తెల్లవారి డిక్కీ తెరిచి, ఛార్జరును ఆపకుండానే క్లిప్పును లాగితే నిప్పురవ్వ ఎగురుతుంది. బ్యాటరీ పేలితే పెంకులతోపాటు ఆమ్లం ముఖంపై చిమ్ముతుంది. కంటిచూపు పోయే అపాయం ఉన్నది.

దీనికి నివారణ ఒక సన్నని గొట్టం. డిక్కీలో వాడదగిన బ్యాటరీకి పైఅంచున వాయుద్వారం ఉంటుంది. దానికి ఆమ్లానికి చెడని గొట్టాన్ని తొడిగి, డిక్కీ అడుగున రబ్బరు వలయం గుండా కారు వెలుపలికి దించాలి. రెండు ద్వారాలుంటే రెండవదానిని బిరడాతో మూయాలి. గొట్టం ఎక్కడా మడతపడరాదు, నలగరాదు. దాని కొస పొగగొట్టానికి దూరంగా ఉండాలి. గొట్టం తగిలించే వీలు లేని బ్యాటరీని, వెలుపలికి గాలిదారి గల బిగువైన పెట్టెలో తప్ప, డిక్కీలో పెట్టరాదు. నీరు పోయనక్కరలేని బ్యాటరీకి గొట్టం అనవసరమనుకోవడం పొరపాటు. ఛార్జింగు మితిమీరితే అదీ వాయువును వదులుతుంది.

బ్యాటరీ మార్చినప్పుడు ఈ గొట్టాన్ని తిరిగి తగిలించడం మరువరాదు. ఛార్జి చేసేటప్పుడు డిక్కీ తెరిచి ఉంచాలి. ముందుగా ఛార్జరును ఆపి, తరువాతనే క్లిప్పులు తీయాలి. ఆమ్లం కంట పడితే వెంటనే ధారాళంగా నీటితో కడుగుతూ వైద్యుని సహాయం పొందాలి. కారు నడవడానికి ఆ గొట్టం అవసరం లేదు. కనుకనే అది ఊడినా ఎవరికీ తెలియదు. యంత్రం ఆగకపోయినంత మాత్రాన అంతా క్షేమమని తలచరాదు. కంటికి కనిపించని అపాయాన్ని బుద్ధితో చూడడమే విద్యకు ప్రయోజనం.

కఠిన పదాలకు అర్థాలు
సజల = నీటితో కూడిన
ఆనవాలు = గుర్తు
బిరడా = మూత
ధారాళంగా = పుష్కలంగా

లఘు సమాధాన ప్రశ్నలు
1. బ్యాటరీని డిక్కీలో అమర్చడం వల్ల కలిగే మేలు ఏమిటి?
2. ఛార్జరును ఆపకుండా క్లిప్పును ఎందుకు తీయరాదు?

వ్యాసరూప సమాధాన ప్రశ్న
డిక్కీలోని బ్యాటరీకి గొట్టం అమర్చడంలో పాటించవలసిన జాగ్రత్తలను సకారణంగా వివరించండి.