పేరు తెలియని దీర్ఘవ్యాధి - బీమా లేని కుటుంబము

గ్రామమున ఒక మనిషి నెలల తరబడి నలతపడుచుండును. జ్వరము వచ్చును, పోవును. కీళ్లు పట్టివేయును. ఆకలి తగ్గి శరీరము చిక్కిపోవును. కూలికి పోయిన దినములకంటె పోలేని దినములే అధికమగును. ఏమి వ్యాధియని అడిగినచో ఇంటివారు చెప్పలేరు. ముగ్గురు వైద్యులు మూడు విధములుగా చెప్పిరందురు. ఇట్టి కుటుంబము లేని గ్రామము అరుదు. మొదట బంగారము, పిదప పశువులు, తుదకు పొలము అమ్ముడుపోవును. అప్పటికిని వ్యాధి పేరు తెలియదు.

బీమా లేనందుననే ఈ దుస్థితి కలిగినదని మనము సాధారణముగా తలంతుము. అది కొంతవరకే నిజము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీయు, దేశమంతటికిని 2018లో ఆయుష్మాన్ భారత్ పథకమును ఆరంభమైనవి. వీనివలన లక్షలాది పేదలకు శస్త్రచికిత్సలు జరిగినవి. కాని ఇట్టి పథకములు ముఖ్యముగా ఒక జాబితాలో చేర్చిన చికిత్సలకు, అందునను ఆసుపత్రిలో చేరినవారికి, సొమ్ము చెల్లించునవి. జాబితాలో వెదకుటకు ముందుగా వ్యాధికి పేరుండవలెను గదా! ఆ పేరు తెలిసికొనువరకు జరుగు తిరుగుడు, ఓ.పి. చీటీలు, రక్తపరీక్షలు, బస్సు ఛార్జీలు, పోయిన కూలి, ఇవి చాలవరకు ఇంటివారి మీదనే పడును. కార్డున్నవారికే ఇట్లుండగా, వేరుకాపురము పెట్టి ఇంకను కార్డు పొందనివారు, వలసపోయి తిరిగివచ్చినవారు, పేరు తొలగింపబడినవారు ఏమి చేయగలరు? కావున పంచాయతీ సభ్యులు మొదట గ్రహింపవలసినది, చికిత్స వేరు, రోగనిర్ణయము వేరు అని. రోగనిర్ణయమునకు బీమా లేకపోయినను మార్గము కలదు. అది ప్రభుత్వ వైద్యశాలల మార్గము. అయితే దానిని క్రమము తప్పక నడువవలెను.

క్రమము తప్పుట ఎట్లో చూడుడు. నొప్పి రాగానే ఊరి ఆర్.ఎం.పి. వద్దకు పోవుదురు. ఆయనను నిందించుట ఈ వ్యాసకర్త ఉద్దేశము కాదు. అర్ధరాత్రి తలుపు తట్టిన వచ్చువాడు ఆయనయే. కాని నెలల తరబడి నొప్పి బిళ్లలు మ్రింగుటవలన మూత్రపిండములు చెడవచ్చును. స్టెరాయిడు మందులు నాలుగు దినములు హాయినిచ్చి, లోని వ్యాధి లక్షణములను కప్పివేయును. క్షయవంటి అంటువ్యాధి లోపలనుండినచో దానిని విజృంభింపజేయును. అచట గుణము కనబడక పట్టణమునకు పోవుదురు. ఒక వైద్యుడు వ్రాసిన పరీక్షలనే వేరొక వైద్యుడు మరల వ్రాయును. ఏలయన, పాత కాగితము ఇంటివద్ద చూరులో దోపియుండును! ఆరు మాసములలో ఆరుగురు వైద్యులను చూచినవాడు ఆరు మెట్లు ఎక్కినట్లు కాదు, మొదటి మెట్టు ఆరుసార్లు ఎక్కినట్లు.

రోగనిర్ణయమున వ్యాధి చరిత్రకు గల విలువ అంతయింతయు కాదు. ప్రభుత్వ వైద్యశాలలో వరుస పొడుగు. రోగికి లభించునవి కొద్ది నిమిషములు. ఆ కొద్ది కాలములో రోగి తన మాట తాను సరిగా చెప్పుకొనలేడు. కావున ఇంట చదువుకొన్న పిల్లవానిచేతనైనను ఒక నోటుపుస్తకమున వ్రాయింపవలెను. మొదట ఏది వచ్చినది, ఏ మాసమున, పిదప ఏది తోడైనది. జ్వరము ఉదయమా, సాయంకాలమా. బరువు ఎంత తగ్గినది. ఏయే మందులు వాడిరి. ఇంటిలో మరి యెవరికైన ఉన్నదా. ఏ బావి నీరు త్రాగుదురు. ఏ పని చేయుదురు. ఈ కడపటి ప్రశ్న చిన్నదిగా తోచును గాని కాదు. పశువుల కాపరికి విడిచి విడిచి జ్వరము, నడుమునొప్పి, చెమటలు వచ్చుచుండగా, అతని మందలో గేదెలు ఈసుకుపోయినవని, ఆ మాయను అతడు వట్టిచేతులతో తీసినాడని తెలిసినచో వైద్యుడు వెంటనే బ్రూసెల్లోసిస్ అను వ్యాధిని స్మరించి, దానికి తగిన రక్తపరీక్ష వ్రాయును. ఆ మాట చెప్పనిచో టైఫాయిడు మందులతోనే మాసములు గడచును.

ఇక మెట్ల విషయము. 2022లో కేంద్ర ప్రభుత్వము సవరించిన ప్రమాణముల ప్రకారము ఉపకేంద్రమున 14 విధములు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున 63, సామాజిక ఆరోగ్య కేంద్రమున 97, జిల్లా ఆసుపత్రిలో 134 విధముల పరీక్షలు లభింపవలెను. కాగితముపై ఉన్నవన్నియు ప్రతి కేంద్రమునను దొరకకపోవచ్చును. లేనిచో ఏది లేదో వైద్యాధికారి నడిగి తెలిసికొని తీర్మానము చేసి పంపుట పంచాయతీకి తగిన పని. రక్తహీనత, చక్కెర, రక్తపోటు, మూత్రము, తెమడ మొదలగు పరీక్షలు క్రింది మెట్టుననే జరుగగలవు. దీర్ఘవ్యాధులలో పెక్కింటి గుట్టు ఇచటనే బయటపడును. క్షయకును కుష్ఠునకును పరీక్షయు మందులును ప్రభుత్వమువారే ఉచితముగా ఇచ్చుచున్నారు. వీనికి ఏ బీమాయు అక్కరలేదు. క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని తలంపరాదు. వెన్నెముకకు, ప్రేగులకు, మెడ గ్రంథులకును వచ్చును; దగ్గు లేనందున సంవత్సరమంతయు దానిని ఎవరును అనుమానింపకపోవచ్చును.

క్రింది మెట్టున తేలనిచో వైద్యాధికారి వ్రాసిన చీటితో జిల్లా ఆసుపత్రికి, అచటనుండి వైద్య కళాశాల ఆసుపత్రికి పోవలెను. ఏ విభాగమునకు పోవలెనో తెలియనపుడు జనరల్ మెడిసిన్ విభాగమునకే పోవుట మేలు. కీలునొప్పి కొకరిని, తలనొప్పి కొకరిని వేరువేరుగా చూచుటవలన అన్నిటిని కలిపి ఆలోచించువాడు లేకుండపోవును. ఏ ఆసుపత్రిలో చేరినను విడుదల కాగితమును, పరీక్షల నకళ్లను అడిగి తీసికొనవలెను. రోగి కోరిన 72 గంటలలో వైద్య పత్రములు ఇయ్యవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమములలో కలదు. బిల్లుల అసలు ప్రతులను భద్రపరుపవలెను; ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టునపుడు అవియే ఆధారము.

ఇంతవరకు ఒక్క రోగిని గూర్చి చెప్పితిమి. కాని కొన్ని వ్యాధులకు పేరు ఒక్క రోగిని చూచిన దొరకదు, ఊరిని చూచిన దొరకును. పూర్వపు నెల్లూరు జిల్లాలో పెక్కు గ్రామముల ప్రజలు వెన్ను బిగిసి, కీళ్లు మడువలేక, నడివయసుననే వంగిపోవుచుండిరి. 1937లో మదరాసు రాజధాని వైద్యులు వారి ఎముకలను ఎక్స్‌రే తీసి, త్రాగునీటిని పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడు వలన ఇది కలుగుచున్నదని ప్రకటించిరి. ఏ ఒక్కని రక్తమును ఎంత పరీక్షించినను దొరకని సమాధానము బావిలో దొరకినది. నేడు లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము. పిల్లల పండ్లపై గారచారలు కనబడిన ఊరిలో పెద్దల నడుమునొప్పికి కారణము వెదకుటకు ముందు నీటి పరీక్ష చేయింపవలెను.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానము కథ ఇంకను బాధాకరమైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో కొబ్బరి, జీడి తోటలలో పనిచేయువారికి మూత్రపిండముల వ్యాధి విస్తారముగా వచ్చుచున్నది. ఈ వ్యాధి సాధారణముగా మధుమేహము, రక్తపోటుల వలన వచ్చునది. ఇచట అవి లేనివారికిని వచ్చుచున్నది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి బిళ్లలు - ఇట్లు పెక్కు కారణములను పరిశోధకులు పరిశీలించిరి. నిశ్చయముగా ఒకటియు తేలలేదు. సింహళ ద్వీపపు వరిపొలములలోను, మధ్య అమెరికా చెరకు తోటలలోను ఇట్టి వ్యాధియే కలదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభింపబడినవి. ఉద్దానము నేర్పునది ఒకటి కలదు. మూత్రపిండముల శక్తి చాలభాగము నశించువరకు రోగికి ఏ బాధయు తెలియకపోవచ్చును. అయినను కొద్ది ఖర్చుతో అగు క్రియాటినిన్ రక్తపరీక్షయు, మూత్రపరీక్షయు ముందుగానే పట్టియిచ్చును. కారణము తెలియకున్నను వ్యాధిని గుర్తింపవచ్చును, నొప్పి బిళ్లలు మాని రక్తపోటును అదుపులోనుంచి దాని వేగమును తగ్గింపవచ్చును.

పంచాయతీకి ఇందు అధికారమేమి? 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘమునకు సంవత్సరమునకు రూ. 10,000 వరకు స్వేచ్ఛా నిధి ఏర్పాటు కలదు. దిక్కులేని స్త్రీకి గాని, మిక్కిలి పేదకుటుంబమునకు గాని వైద్యావసరము కలిగినపుడు ఆ నిధిని వాడవచ్చునని మార్గదర్శక సూత్రములలోనే యున్నది. ఈ సంగతి తెలియక నిధియంతయు సున్నము, బ్లీచింగు పొడులకే వ్యయమగుచున్న ఊళ్లు కలవు. పెద్ద ఆసుపత్రికి పోవు రోగి బస్సు ఛార్జీకి, తోడు పోవువాని కూలికి ఆ సొమ్ము ఎంతయో ఆసరా. తోడు లేక వరుసలో నిలువలేక తిరిగివచ్చిన రోగులు కొందరు కారు.

వైద్య కళాశాలలోను తేలక, పుట్టుకతో వచ్చిన అరుదైన వ్యాధియని అనుమానము కలిగినచో, 2021 జాతీయ విధానము క్రింద గుర్తింపబడిన కేంద్రములు కలవు, హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి., నిమ్స్ సంస్థలు కలిసి అట్టి కేంద్రముగా పనిచేయుచున్నవి. నేరుగా పోవుటకంటె వైద్య కళాశాల చీటితో పోవుట ఉత్తమము.

రాబోవు సమావేశమున ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను పిలిచి, మూడు మాసములకు మించి పేరు తెలియని వ్యాధితో నున్నవారి పట్టిక వ్రాయింపుడు. ఇంటి పేరు ప్రక్కన వీధిని, త్రాగునీటి ఆధారమును, వృత్తిని వేయింపుడు. ఒకే బావి చుట్టు మూడు పేర్లు చేరినచో ఆ పట్టిక నకలును వైద్యాధికారికిని, శుభ్రమైన సీసాలో ఆ బావి నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకును అదే వారమున పంపవలెను.