ఇల్లా, ఆశ్రమమా? బాలల సంరక్షణలో ఒక నిర్ణయ సమస్య

యాదగిరిగుట్ట అనగానే మన ప్రాంతంవారికి నరసింహస్వామి కొండ, యాత్రికుల సందడి స్ఫురిస్తాయి. 2018 జూలై నెలాఖరున ఆ పేరు వేరొక కారణంగా పత్రికలకెక్కింది. కొండ దిగువన పట్టణంలోని వ్యభిచార గృహాలపై రాచకొండ పోలీసులు దాడి జరిపి 11 మంది బాలికలను వెలుపలికి తెచ్చారు. వారిలో అయిదేండ్లు నిండని పసికూనలు కూడ ఉన్నారు. శరీరం త్వరగా ఎదగడానికి పిల్లలకు హార్మోను సూదిమందులిచ్చారన్న ఆరోపణపై ఒక వైద్యుడు సైతం అరెస్టయ్యాడు. తరువాత మరికొందరు పిల్లలను విడిపించారు. వారిని ఆమనగల్లు వద్ద ప్రజ్వల సంస్థ నడిపే ఆశ్రయానికి తరలించారు.

దాడి వార్త అందరూ చదివారు. ఆ పిల్లలు ఇకపై ఎవరి నీడన పెరగాలి అన్న ప్రశ్నను మాత్రం పత్రికలు అంతగా పట్టించుకోలేదు. ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచినది ఆ ప్రశ్ననే.

మన దేశంలో ఈ నిర్ణయం పోలీసులది కాదు, ఆశ్రమ నిర్వాహకులది కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం దానిని జిల్లా బాలల సంక్షేమ సమితికి అప్పగించింది. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఈ సమితి ముందు, ప్రయాణ కాలం మినహా, 24 గంటలలోగా బిడ్డను హాజరుపరచాలి. సామాజిక విచారణ 15 దినాలలో ముగియాలి. తుది ఉత్తర్వు నాలుగు మాసాలలో వెలువడాలి. బిడ్డను సంస్థలో ఉంచడం తుట్టతుది మార్గమే కావాలని ఆ చట్టమే చెబుతున్నది. కుటుంబమే మొదటి ఆశ్రయమని చెప్పే ఆ చట్టం, ఇల్లే ప్రమాద స్థలమైన బిడ్డ విషయంలో ఏమి చేయమంటుంది? చిక్కంతా ఇక్కడే ఉన్నది.

యాదగిరిగుట్ట వంటి సందర్భంలో ఒక స్త్రీ వచ్చి "ఈ బిడ్డ నాది, నాకిచ్చివేయండి" అన్నదనుకొందాము. రక్తపరీక్ష ఆమె కన్నతల్లి అవునో కాదో తేల్చగలదు. ఆ ఇంట బిడ్డ క్షేమంగా ఉంటుందో లేదో తేల్చలేదు. ఇవి రెండూ వేరువేరు ప్రశ్నలు. అధికారులు తరచుగా మొదటిదానికి జవాబు దొరకగానే రెండవదానిని మరచిపోతారు. దీనికి ఎదురు పొరపాటూ ఉన్నది. ఒక వృత్తిని ఒక కులానికంతటికీ అంటగట్టి, ఆ కులంలో పుట్టిన ప్రతి బిడ్డనూ తల్లినుండి వేరుచేయడం న్యాయం కాదు. విచారణ ఇంటింటికీ వేరుగా, బిడ్డబిడ్డకూ వేరుగా జరగాలి. బిడ్డకు ఊహ తెలిసివుంటే ఆమె మాట కూడ వినాలి. ఈ చివరి నియమం చట్టంలో ఉన్నా, ఆచరణలో అరుదని మా అభిప్రాయం.

పేదరికాన్ని నిర్లక్ష్యంగా భ్రమించడం మరొక ప్రమాదం. పాలమూరునుండి మట్టిపనికి ముంబయి, పుణెలకు వలసపోయిన తల్లిదండ్రుల బిడ్డ అమ్మమ్మ దగ్గర చినిగిన లాగుతో తిరుగుతుంటే ఆ బిడ్డ అనాథ కాదు. అక్కడ కావలసింది ఆశ్రమం కాదు, సహాయం. 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం అర్హులైన బిడ్డలకు ఇంటివద్దనే నెలకు రూ. 4,000 సహాయం అందే వీలున్నది. దేవరకొండ ప్రాంతపు తండాలలో ఆడశిశువుల విక్రయం 1999, 2001లలో బయటపడినపుడు నల్లగొండ జిల్లా నేర్చిన పాఠం ఇదే: దరిద్రుని బిడ్డను దత్తత పేరిట తరలించడం తేలిక, ఆ తల్లికి చేయూతనివ్వడం కష్టం.

సంస్థలలో అన్నవస్త్రాలు అందుతాయి కదా అనవచ్చు. రుమేనియా రాజధాని బుకారెస్టులో 2000 సంవత్సరంలో 136 మంది అనాథాశ్రమ శిశువులతో ఒక పరిశోధన ఆరంభమైంది. వారిలో కొందరిని చీటీ వేసినట్లు ఎంపికచేసి పెంపక కుటుంబాలలో ఉంచారు. వీరి బుద్ధివికాసం సంస్థలలో మిగిలినవారికంటె మెరుగ్గా సాగింది. రెండేండ్ల లోపు కుటుంబంలో చేరినవారికి ఎక్కువ మేలు కలిగింది. అనగా పసిబిడ్డ విషయంలో ఆలస్యం కూడ ఒక హానియే. మన చట్టంలోనూ పెంపక కుటుంబానికి తావున్నది, కాని దాని వాడుక స్వల్పం.

మన ఇండ్లలో యతీమును చిన్నాన్నయో, ఖాలాయో పెంచడం పాత ఆచారం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, ఇరవయ్యవ అధికరణంలో, దత్తతతో పాటు కఫాలాను కూడ పేరుపెట్టి గుర్తించిందని విద్యార్థులు గమనింతురు గాక. బంధువుల ఇల్లు దొరికినప్పుడు అపరిచిత సంస్థను వెదకనక్కరలేదు. అయితే బంధువు అన్న మాటతోనే విచారణ ఆగరాదు. పనిమనిషిగా వాడుకొనే బంధువులూ ఉన్నారు.

బిడ్డను ఎక్కడ ఉంచినా సమితి పని అంతటితో తీరదు. తోబుట్టువులు ఒకచోటనే ఉన్నారా, బిడ్డ తన భాషలో చదువుతున్నదా, ఇంటికి మరల పంపే పరిస్థితి ఏర్పడిందా అని మరల మరల చూడాలి. పదునెనిమిదేండ్లు నిండి సంస్థ విడిచినవారికి 21 ఏండ్ల వరకు తోడ్పడే వీలును చట్టం కల్పించింది. 2018లో యాదగిరిగుట్టనుండి వచ్చిన చిన్నారులు కొద్దికాలంలో ఇటువంటి కళాశాలల వాకిళ్ళకు వస్తారు. ప్రవేశ దరఖాస్తులో తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే మన కార్యాలయం ఏమి చేస్తుంది? సమితి ఉత్తర్వు ప్రతిని, సంస్థ అధికారి సంతకాన్ని సంరక్షకుని సంతకంగా అంగీకరించే తీర్మానమొకటి వచ్చే విద్యాసంవత్సరానికి ముందే చేయవలసిందని కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.